బీరువాకు తాళం వేసి చదివేవాళ్ళు లేరంటారా?

ఈ మధ్య గ్రంథాలయాల ఊసెత్తితే చాలు, ఒకే తీర్పు వినిపిస్తోంది. "అరచేతిలో ఫోనుండగా ఇంకా లైబ్రరీలు ఎందుకండీ?" అని. ఊరి నడిబొడ్డున ఉన్న శాఖా గ్రంథాలయం స్థలంలో దుకాణాలు కడదామనేవాళ్ళు చెప్పేది ఈ మాటే. లైబ్రేరియన్ పోస్టులు ఎప్పుడు నింపుతారని అడిగితే వచ్చే జవాబూ ఇదే. పిల్లల చదువుకోసం పొలాలమ్ముకునే తల్లిదండ్రులు, కాలేజీల్లో పాఠాలు చెప్పే అధ్యాపకులు, చివరికి పుస్తకాలు రాసే మిత్రులు కూడా ఇదే పాట అందుకుంటే విని ఊరుకోలేక ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు వాళ్ళ వాదనను ఏమాత్రం తగ్గించకుండా చెబుతాను. అందులో నాలుగు అంశాలున్నాయి. ఒకటి: కావలసిన పుస్తకం, పత్రిక, పాఠం అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి, వాటిని దాచడానికి వేరే భవనం అక్కర్లేదు. రెండు: జనానికి చదివే అలవాటే పోయింది, గ్రంథాలయానికి వచ్చేవాళ్ళే లేరు. మూడు: వచ్చే కొద్దిమందీ గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షలకీ తయారయ్యేవాళ్ళు, సొంత పుస్తకాలు తెచ్చుకుని కూర్చుంటారే తప్ప లైబ్రరీ పుస్తకం ముట్టరు, కాబట్టి వాళ్ళను పాఠకులుగా లెక్కపెట్టకూడదు. నాలుగు: ప్రభుత్వాల దగ్గర డబ్బు లేదు, ఉన్నదేదో ఆసుపత్రులకీ రోడ్లకీ పెట్టాలి. ఈ నాలుగూ తప్పేనని నా వాదన. వీటిలో రెండోదానికీ మూడోదానికీ అసలు పొసగదు. ఎవరూ రావడం లేదనేవాళ్ళే, ఉద్యోగార్థులు వచ్చి కుర్చీలన్నీ ఆక్రమించేస్తున్నారని ఫిర్యాదు చేస్తున్నారు.

ఇంటర్నెట్ సంగతి మొదట చూద్దాం. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోకి వెళ్ళి 1950కి ముందు అచ్చయిన ఏదైనా తెలుగు పుస్తకం తెరవండి. చాలావాటిలో ముఖపత్రం మీదో, దాని వెనకో నల్లగా అలుక్కుపోయిన ముద్ర ఒకటి కనిపిస్తుంది. కళ్ళు చికిలించి చూస్తే అందులో ఒక గ్రంథాలయం పేరుంటుంది. పక్కన కలంతో రాసిన యాక్సెషన్ నెంబరుంటుంది. ఎన్నో ఏళ్ళ కిందట ఒక ఊళ్ళో ఎవరో ఆ పుస్తకం కొన్నారు. రిజిస్టర్లో ఎక్కించారు. అట్ట ఊడితే బైండు చేయించారు. చెదలకీ చెమ్మకీ బలికాకుండా కాపాడారు. స్కాన్ చేసేవాళ్ళు అలాంటి చోట్ల నుంచే తెచ్చారు. మీ ఫోనులోకి ఆ పుస్తకం ఊడిపడింది ఆకాశం నుంచి కాదు, ఒక గ్రంథాలయం బీరువాలోంచి. ఆ బీరువా అక్కర్లేదనడం, పాలు ప్యాకెట్లో వస్తున్నాయి కాబట్టి పశువులెందుకు అన్నట్టుంటుంది.

ఇంటర్నెట్ శాశ్వతం అనుకోవడం మరో పొరపాటు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో ప్రభుత్వ ఖర్చుతో వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. ఆ తర్వాత ఆ వెబ్‌సైటే మూతపడింది. ఈ లోపల కొందరు ముందుచూపుతో వాటిని వేరేచోట భద్రపరిచారు కాబట్టి మనకు మిగిలాయి. ఎవరో ఒకరు బాధ్యతగా దాచకపోతే కాగితం మీద ఉన్నదీ పోతుంది, తెర మీద ఉన్నదీ పోతుంది. అలా దాచే బాధ్యత తీసుకునే ప్రజాసంస్థకే గ్రంథాలయమని పేరు.

పాత పుస్తకాలు సరే, ఇప్పటివి? మన దేశంలో రచయిత కన్నుమూసిన తర్వాత కూడా 60 ఏళ్ళపాటు కాపీరైటు ఉంటుంది. అంటే ఇవాళ రాస్తున్నవాళ్ళవీ, నిన్నమొన్నటి దాకా రాసినవాళ్ళవీ హక్కుదారులు ఒప్పుకుంటే తప్ప చట్టప్రకారం ఉచితంగా దొరకవు. టెలిగ్రామ్ గుంపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు దొంగ కాపీలు. వెయ్యి ప్రతులు అచ్చేసి, అవి అమ్ముడుపోయేసరికి ఏళ్ళు గడిచిపోయే తెలుగు రచయిత పొట్ట మీద కొట్టే కాపీలవి. ఒక పుస్తకాన్ని డబ్బిచ్చి కొని, వందమంది చేత పైసా ఖర్చు లేకుండా చదివించగల మార్గం ఒక్కటే ఉంది. అది గ్రంథాలయం కొనడం. రచయితకూ న్యాయం, పాఠకుడికీ న్యాయం.

ఇక ఫోను. "అందరి చేతిలో ఫోనుంది" అనేవాళ్ళు ఇంట్లో మనిషికొకటి ఉన్నవాళ్ళు. ఒకే ఫోను ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో చూడండి. పొద్దున్నే తండ్రితో పాటు అది పనికి వెళ్ళిపోతుంది. రాత్రి ఇంటికొచ్చాక ముందు తమ్ముడి చేతికి వెళుతుంది. తొమ్మిది దాటాక, ఛార్జింగు మిగిలితే, పదో తరగతి చదివే అమ్మాయి చేతికొస్తుంది. అరచేయంత తెర మీద భౌతికశాస్త్రం పటాలు పెద్దవి చేసుకుంటూ, చిన్నవి చేసుకుంటూ ఎంతసేపు చదవగలదు? చదువుతుండగా పైనుంచి ఎన్ని మెసేజీలు వచ్చి పడతాయి? ఆ అమ్మాయికి కావలసింది ఒక బల్ల, ఒక దీపం, రెండు గంటల నిశ్శబ్దం, చేతికందే దూరంలో నాలుగు మంచి పుస్తకాలు. ఇవి నాలుగూ ఒకేచోట, కులం అడగకుండా, ఫీజు అడగకుండా ఇచ్చే చోటు ప్రభుత్వ గ్రంథాలయం తప్ప మన ఊళ్ళలో మరొకటి లేదు.

పుస్తకం వెతుక్కోవడంలో కూడా తేడా ఉంది. ఫోనులో మనకు తెలిసిన మాట కొడితేనే జవాబు వస్తుంది. తెలియనిదాన్ని ఎలా అడుగుతాం? అలమర ముందు నిలబడి ఒక పుస్తకం కోసం చెయ్యి చాపితే పక్కనున్న ఇంకో పుస్తకం కంటబడుతుంది. ఇది కాకతాళీయం కాదు. ఒక విషయానికి చెందిన పుస్తకాలన్నీ ఇరుగుపొరుగున ఉండేలా అమర్చడానికి ఒక శాస్త్రమే ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని నడిపిన ఎస్.ఆర్. రంగనాథన్ ఆ శాస్త్రాన్ని ప్రపంచం మెచ్చేలా తీర్చిదిద్దారు. 1931లో ఆయన ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల్లో మొట్టమొదటిదే పుస్తకం వాడకం గురించి. దాచిపెట్టడానికి కాదు, వాడటానికే పుస్తకం ఉందన్నది దాని సారాంశం. మన గ్రంథాలయాలు ఈ మొదటి మెట్టు దగ్గరే జారిపడ్డాయి. ఆ సంగతి రెండో అంశానికి దారితీస్తుంది.

చదివేవాళ్ళు లేరట. 1911 జనగణన నాటికి మన దేశంలో అక్షరాస్యత ఆరు శాతం కూడా లేదు. వందమందిలో తొంభై నలుగురికి చదవడమే రాని కాలంలో, 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాలవాళ్ళంతా సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు దాన్ని తన జీవితకాలపు పనిగా భుజాన వేసుకున్నారు. చదివేవాళ్ళు ఎక్కడున్నారని వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చదివేవాళ్ళను తయారుచెయ్యడమే గ్రంథాలయం పని అనుకున్నారు. రాత్రిబడి పెట్టారు, చదవడం రానివాళ్ళకు చదివి వినిపించారు, గ్రంథాలయ యాత్రలు చేశారు. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. ఆరుగురితో మొదలుపెట్టిన పనిని అరవై ఏడుగురు ఉండగా చేతులెత్తేస్తామంటే ఆ పెద్దల ముందు మనం ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

పాతూరి నాగభూషణం గారి పడవ కథ ఈ తరానికి తెలియాలి. 1935లో ఆయన కృష్ణా డెల్టా కాలువలో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య నడిచే పడవలో గ్రంథాలయం పెట్టారు. అప్పట్లో ఆ పల్లెలకు కాలువే రోడ్డు. పడవ ప్రయాణమంటే గంటల తరబడి కూర్చోవడం. ఆ ఖాళీ సమయాన్ని ఆయన చూశారు. ప్రయాణికుల చేతికి పుస్తకం ఇచ్చారు. ఒడ్డున ఉన్న ఊళ్ళకూ అందించారు. పాఠకుడు రావడం లేదని ఆయన ఫిర్యాదు చెయ్యలేదు. పాఠకుడు ఎక్కడున్నాడో, ఏ వేళకు తీరిగ్గా ఉంటాడో తెలుసుకుని అక్కడికి పుస్తకాన్ని తీసుకెళ్ళారు. ఆ బుద్ధిని వదిలేసి, పాఠకులు కనబడటం లేదని ఇవాళ వాపోతున్నాం.

ఇవాళ మన గ్రంథాలయం పాఠకుడికి ఎలా ఎదురొస్తోంది? చాలా శాఖా గ్రంథాలయాలు ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా తెరుస్తారు. బడిపిల్లవాడు ఉదయం ఎనిమిదిన్నరకు బస్సెక్కుతాడు, ట్యూషన్‌తో కలిపి ఇల్లు చేరేసరికి ఆరున్నర. దుకాణంలో పనిచేసేవాళ్ళకు రాత్రి తొమ్మిదికి గానీ సెలవు దొరకదు. ఇంటిపనిచేసే మహిళకు తీరిక చిక్కేది మధ్యాహ్నం, సరిగ్గా తలుపులు మూసి ఉండే వేళ. ఈ వేళలు పెట్టి, జనం రావడం లేదంటే తప్పెవరిది?

నేను చూసిన ఒక సంఘటన చెబుతాను. ఆమధ్య ఒక చిన్న పట్టణంలో పనిపడి వెళ్ళి, అక్కడి శాఖా గ్రంథాలయంలోకి అడుగుపెట్టాను. ముందుగదిలో బెంచీల మీద నలుగురు పెద్దవాళ్ళు పేపర్లు చదువుతున్నారు. ఒకే పేపరు నాలుగు ముక్కలై నాలుగు చేతుల్లో ఉంది. లోపలిగదిలో గోడ పొడవునా ఇనప బీరువాలు, అన్నిటికీ తాళాలు. అద్దంలోంచి నవలల వెన్నులు కనిపిస్తున్నాయి. ఒక పుస్తకం చూడాలంటే అక్కడున్న ఉద్యోగి మొహమాటంగా నవ్వి, ఎక్కడో లోపలినుంచి తాళాల గుత్తి తెచ్చి, మూడో తాళంచెవితో తీశారు. తలుపు కిర్రుమంది. పుస్తకం చేతిలోకి తీసుకుని చివరి అట్ట తిప్పాను. లోపల అతికించిన డేట్ స్లిప్ నిండా తేదీల ముద్రలు. రెండు వరుసలు పూర్తిగా నిండిపోయి మూడో వరుస సగం దాకా వచ్చాయి. నెలకు ఒకటి, ఒక్కో నెలలో రెండు. అక్కడితో హఠాత్తుగా ఆగిపోయాయి. కింద అంతా ఖాళీ.

"ఈ పుస్తకం జనానికి విసుగొచ్చిందా?" అని అడిగాను. "అబ్బే, కాదండీ. ఆ సంవత్సరం మా లైబ్రేరియన్ గారు రిటైరయ్యారు. వేరే ఊరాయన ఇన్‌చార్జి. వారానికి రెండు రోజులొస్తారు. ఇంటికివ్వడం ఆపేశాం. పుస్తకం పోతే మా జీతంలో కోస్తారు కదండీ" అన్నారాయన. ఆయన మీద నాకు కోపం రాలేదు. చిన్న జీతంలో ఎంతని కోత భరిస్తాడు? కానీ ఆ చీటీ చూశాక ఒకటి మాత్రం తేటతెల్లమైంది. ఆ ఊళ్ళో చదివేవాళ్ళు పుస్తకాన్ని వదిలిపెట్టలేదు. ఇవ్వడం ఆగిపోయింది కాబట్టి తీసుకోవడం ఆగిపోయింది.

ఈ భయానికి విరుగుడు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనల్లోనే ఒక వెసులుబాటు ఉంది. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమేనని, నిర్లక్ష్యమో మోసమో లేనప్పుడు దాన్ని నష్టంగా పరిగణించనక్కర్లేదని ఆ నిబంధన ఒప్పుకుంటుంది. పదిచేతులు మారే పుస్తకం నలుగుతుంది, చిరుగుతుంది, అప్పుడప్పుడూ పోతుంది. అలా పోయిన పుస్తకం కూడా ఎవరో ఒకరింట్లోనే ఉంటుంది. పదిహేనేళ్ళు బీరువాలో భద్రంగా ఉండి, ఒక్క చేతికీ అందకుండా చెదలు తిన్న పుస్తకమే అసలైన నష్టం. మన రాష్ట్రాల్లో శాఖా గ్రంథాలయాలన్నిటికీ ఇలాంటి భరోసాను రాతపూర్వకంగా ఇస్తే రేపటినుంచే తాళాలు తెరుచుకుంటాయి.

జనానికి చదివే ఆసక్తి లేదన్న మాట అబద్ధమని తేల్చుకోవడానికి ఏటా జరిగే విజయవాడ పుస్తక మహోత్సవానికో, హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో వెళితే చాలు. భుజాన బిడ్డను ఎత్తుకుని పుస్తకాలు తిరగేసే తండ్రులు కనిపిస్తారు. అట్ట వెనకున్న ధర చూసి, మెల్లగా పుస్తకాన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టేసే కాలేజీ పిల్లలూ కనిపిస్తారు. మూడు వందలు పెట్టి నవల కొనలేని ఆ పిల్లలే గ్రంథాలయానికి నిజమైన హక్కుదారులు. వాళ్ళు ఉండగా చదివేవాళ్ళు లేరని అనకండి.

మూడో అంశం నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళను పాఠకులు కాదని తీసిపారేయడం. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి ఏ రోజైనా వెళ్ళండి. హాళ్ళు నిండిపోయి మెట్లమీదా చెట్లకిందా కూర్చుని చదువుకునే యువతీయువకులు కనిపిస్తారు. పాలమూరు నుంచి, ఆదిలాబాద్ నుంచి, నల్లగొండ నుంచి వచ్చినవాళ్ళు. నలుగురైదుగురు కలిసి ఉండే అద్దెగదిలో పడుకోవడానికే చోటు చాలదు, చదువుకోవడానికి ఎక్కడ సరిపోతుంది? చుట్టుపక్కల వీధుల్లో ప్రైవేటు స్టడీ హాళ్ళు వెలిశాయి. కుర్చీకి నెలకింతని వసూలు చేస్తాయి. గ్రంథాలయాలకు కాలం చెల్లిందనే మాటే నిజమైతే, డబ్బు పుచ్చుకుని బల్లా కుర్చీ అద్దెకిచ్చే వ్యాపారం ఇంతగా ఎలా సాగుతోంది? కూర్చుని చదువుకునే చోటుకు ఎంత కరువుందో ఆ బోర్డులే చెబుతున్నాయి. ఆ అద్దె కట్టలేని పిల్లలకు ప్రభుత్వ గ్రంథాలయం ఒక్కటే దిక్కు.

వాళ్ళు సొంత పుస్తకాలు ఎందుకు తెచ్చుకుంటున్నారో కూడా ఆలోచించాలి. నేను చూసిన ఇంకో గ్రంథాలయంలో పోటీ పరీక్షల అలమర అని బోర్డు పెట్టి ఉంది. అందులో చేతికందిన జనరల్ నాలెడ్జి పుస్తకం తీస్తే రాష్ట్రంలో 23 జిల్లాలున్నాయని ఉంది. రాష్ట్రం 2014లో రెండైంది. తెలంగాణలోనే ఇప్పుడు 33 జిల్లాలు. ఆ పుస్తకం చదివి పరీక్ష రాస్తే ఆ కుర్రాడి గతి ఏమిటి? పనికొచ్చే పుస్తకం కొనిపెట్టడం చేతకాక, వాడు సొంత పుస్తకం తెచ్చుకుంటే అదే నేరమన్నట్టు మాట్లాడటం అన్యాయం.

పొద్దున పాలిటీ చదివి అలిసిపోయిన మనిషి సాయంత్రం ఒక కథల పుస్తకం వైపు చెయ్యి చాపడా? చేతికందేలా ఉంటే చాపుతాడు. తాళం వేసిన బీరువాలో ఉంటే చాపడు. చెన్నైలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయంలో సొంత పుస్తకాలు చదువుకునేవాళ్ళకు ప్రత్యేక విభాగమే పెట్టారు. పిల్లలకు వేరే అంతస్తు, చూపులేనివాళ్ళకు బ్రెయిలీ విభాగం కూడా ఉన్నాయి. ఒకరి అవసరాన్ని ఇంకొకరికి పోటీగా నిలబెట్టకుండా అందరికీ చోటిచ్చారు. తమిళనాడు 2023లో మదురైలో మరో పెద్ద గ్రంథాలయం తెరిచింది. అక్కడివాళ్ళ చేతుల్లోనూ ఫోన్లున్నాయి కదా?

పొరుగున ఉన్న కర్ణాటక గ్రామ గ్రంథాలయాలను పంచాయతీరాజ్ శాఖ కిందికి తెచ్చి, 2020లో 'ఓదువ బెళకు' పేరుతో పల్లెపిల్లలకు ఉచిత సభ్యత్వం ఇచ్చింది. కరోనా వల్ల బడులు మూతపడి ఉన్న కాలమది. పిల్లలు లక్షల సంఖ్యలో చేరారు. పల్లెపిల్లలు పుస్తకం ముట్టరన్న నమ్మకం తలుపులు తెరిచిన చోటల్లా ఓడిపోయింది.

నాలుగోది డబ్బు. ఇక్కడ నేను మర్యాదగానే అయినా గట్టిగా చెప్పదలచుకున్నాను. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక గడి ఉంటుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున ఈ సెస్సు వసూలవుతుంది. రెండు వేల పన్ను కట్టే ఇల్లు 160 రూపాయలు గ్రంథాలయానికి కడుతోంది. పూరింటివాళ్ళూ కడుతున్నారు, మేడవాళ్ళూ కడుతున్నారు. ఒక్కసారి కూడా గ్రంథాలయం గుమ్మం తొక్కనివాళ్ళూ కడుతున్నారు. కాబట్టి గ్రంథాలయానికి పెట్టే ఖర్చు ఆసుపత్రి నోటిదగ్గర కూడు లాక్కోవడం కాదు. ఆ పేరు చెప్పి, ఆ పనికోసమే మన దగ్గర తీసుకున్న సొమ్ము అది.

ఆ సొమ్ము ఏమవుతోంది? పంచాయతీలూ మున్సిపాలిటీలూ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచెయ్యాలి. ఎన్నోచోట్ల ఏళ్ళ తరబడి బకాయి పెడుతున్నాయి. పన్ను కట్టడం ఒక నెల ఆలస్యమైతే మనకు అపరాధ రుసుం పడుతుంది. గ్రంథాలయం సొమ్మును ఏళ్ళపాటు వాడుకున్నవాళ్ళకు ఏ అపరాధమూ లేదు. జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్ష పదవిని పుస్తకాలతో సంబంధమున్నవాళ్ళకు ఇవ్వకుండా పార్టీలో సీటు దొరకనివాళ్ళకు ఇచ్చుకోవడం రివాజైంది. కొత్త పుస్తకాల కొనుగోలు ఆగిపోతుంది, పోస్టులు ఖాళీగా మిగులుతాయి, దినపత్రికల బిల్లులు పేరుకుపోతాయి. తీరా ఇదంతా జరిగాక గ్రంథాలయాలకు కాలం చెల్లిందని చెబుతారు. తిండి పెట్టకుండా మాడ్చి, వయసైపోయి చిక్కిపోయాడని సర్టిఫికెట్ ఇచ్చినట్టుంటుంది ఇది.

ఎదుటివాళ్ళు చెప్పినదాంట్లో నిజం ఉన్నమేరకు ఒప్పుకుంటాను. ఫోను మన చదువు సమయాన్ని మింగేస్తున్నమాట నిజం. కొన్ని గ్రంథాలయాలు ఎవరూ వెళ్ళలేని మూలల్లో ఉన్నమాటా నిజం. పనికిరాని పుస్తకాలతో అలమరలు నిండిపోయి ఉండటం కూడా నిజమే. గ్రంథాలయంలో కంప్యూటర్లుండాలి, ఇంటర్నెట్ ఉండాలి, ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ వంటివాటిని వాడుకోవడం పిల్లలకు నేర్పే మనిషి ఉండాలి. ఇవన్నీ కావాలని నేనూ అంటున్నాను. కానీ వీటిలో ఏ ఒక్కటీ గ్రంథాలయాన్ని మూసెయ్యడానికి కారణం కాదు, బాగుచెయ్యడానికే కారణం. బడిలో పంతులు లేకపోతే పంతుల్ని వెయ్యమంటాం కానీ బడి కూల్చమనం.

గ్రంథాలయాన్ని పుస్తకాల గోదాముగా మాత్రమే చూడటం వల్లే ఇంత అపార్థం వస్తోంది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైనప్పుడు అందులో ఎన్ని పుస్తకాలున్నాయన్నది పెద్ద విషయం కాదు. రాజభాష వేరైన సంస్థానంలో తెలుగువాళ్ళు తెలుగులో మాట్లాడుకోవడానికి, చదువుకోవడానికి ఒక చోటు దొరికింది. సభ పెట్టుకోవాలంటే ముందస్తు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 వంటి ఆంక్షల కాలంలో ఊరూరా వెలిసిన పఠన మందిరాలే జనం నలుగురూ కలుసుకునే చోట్లయ్యాయి. వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊళ్ళు తిరిగారు. కోస్తాలో చేనేత కార్మికుల ఊరు వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనానికి 1929లో గాంధీజీ వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఇవాళ్టికీ పాత తెలుగు పత్రికల మీద పరిశోధన చేసేవాళ్ళు వెతుక్కుంటూ అక్కడికే వెళుతున్నారు. ఇవేవీ ఏ ప్రభుత్వమో దయతలచి ఇచ్చినవి కావు. చందాలు వేసుకుని, ఇళ్ళు ఇచ్చి, పుస్తకాలు మోసి జనం కట్టుకున్నవి. అందుకే వాటిని వద్దనే అధికారం ఈ ఒక్క తరానికి లేదు.

నేను కోరేవి పెద్దవేమీ కావు. శాఖా గ్రంథాలయం పనివేళలు ఆ ఊరి బడిపిల్లలు, పనివాళ్ళు, ఆడవాళ్ళు చెప్పిన ప్రకారం పెట్టండి. బీరువాల తాళాలు తీసి, పోయిన పుస్తకానికి ఉద్యోగి జీతం కోయబోమని కాగితం మీద రాసివ్వండి. పుస్తకాలు ఇంటికివ్వడం మళ్ళీ మొదలుపెట్టండి. సొంత పుస్తకాలు చదువుకునేవాళ్ళకు ఒక గది, పిల్లలకు ఒక మూల కేటాయించండి. ఎండాకాలం సెలవుల్లో పెట్టే శిబిరాలను ఏడాదంతా ప్రతి ఆదివారం జరపండి. శిక్షణ పొందిన లైబ్రేరియన్ లేని గ్రంథాలయం ఉండకూడదు. ఈ ఏడాది సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమైంది, దాంతో ఏయే పుస్తకాలు కొన్నారన్నది గ్రంథాలయం గోడ మీదే రాయండి.

ఇవన్నీ అడగాల్సింది ప్రభుత్వాన్నే. అయితే అడిగేవాళ్ళు లేకపోతే ఏ ప్రభుత్వమూ కదలదు. ఈసారి ఇంటి పన్ను కట్టినప్పుడు రసీదును డ్రాయరులో పడేయకండి. దాన్ని జేబులో పెట్టుకుని, ఇంట్లో పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని మీ ఊరి గ్రంథాలయానికి వెళ్ళండి. సభ్యత్వం తీసుకోండి. పిల్లవాడికి నచ్చిన పుస్తకం ఒకటి బీరువాలోంచి తీయించండి. ఇంటికివ్వమని అడగండి. ఇవ్వడం లేదంటే ఎందుకివ్వరో మర్యాదగా అడగండి, వారం తిరిగాక మళ్ళీ వెళ్ళి అడగండి. ఆ పుస్తకం చివరి అట్ట లోపల డేట్ స్లిప్‌లో ఆఖరి ముద్ర కింద బోలెడు చోటు ఖాళీగా ఉంది. తర్వాతి తేదీ మీ పిల్లవాడి పేరున పడాలి.